సీసం కాదు, సీసాలు

"ఒక్క నిమిషం. రంగుటద్దాల కిటికీ అంటే ముక్కకీ ముక్కకీ మధ్య సీసం పెట్టి అతుకుతారు కదా?"

పిల్లల వార్డు మధ్యలో, చుట్టచుట్టిన డిజైన్ కాగితం చంకలో పెట్టుకుని నిలబడ్డ అమ్మాయి ఆ గొంతు వచ్చిన వైపు తిరిగింది. మెడలో స్టెతస్కోపు, జేబు మీద ఏ పేషెంటో అంటించిన కుందేలు స్టిక్కరు, నిద్ర చాలని కళ్లు. ఆ వార్డు చూసుకునే డాక్టరు.

"పాత పద్ధతిలో అంతేనండీ," అంది.

"అయితే వద్దు. సీసం విషం. మా పిల్లలు కనిపించిందల్లా ముట్టుకుంటారు, ఆ వేలే నోట్లో పెట్టుకుంటారు."

"నా పనిలో సీసం ఉండదండీ. సీసాలుంటాయి."

"ఏంటీ?"

"సీసాలు. అత్తరు సీసాలు, మందు సీసాలు..."

"ఏ మందు?"

"మీరు రాసే మందేనండీ. దగ్గు మందు."

పక్కనున్న హెడ్ సిస్టరు తనకే దగ్గొచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆ అమ్మాయిని ఇంట్లో పెంకి అని పిలుస్తారు. చిన్నప్పుడు ఏడుపు మొదలుపెడితే అనుకున్నది దక్కేదాకా ఆపేది కాదని పెట్టిన పేరు. పెద్దయ్యాక గాజుపెంకులతోనే పని పెట్టుకోవడంతో ఆ పేరు ఇక వదల్లేదు. వాళ్ల నాన్నది కిటికీ అద్దాలు, ముఖం చూసుకునే అద్దాలు అమ్మే దుకాణం. దాని వెనక షెడ్డులో కరెంటు బట్టీ పెట్టుకుని, పారేసిన సీసాలు కరిగించి పలకలు పోస్తుంది పెంకి. ఆమె చేసే కిటికీల్లో మనుషులుండరు, పువ్వులుండరు, నల్లటి గీతలుండవు. ఒట్టి రంగులు. "ఇది రంగుటద్దాల పనే కాదు పొమ్మ"ని ఆ పనిలో పేరున్నవాళ్లు కొట్టిపారేశారు. దాంతో ఇళ్లలో మెట్ల దగ్గర చిన్నా చితకా కిటికీలు తప్ప పెద్ద పని ఒక్కటీ చేతికి రాలేదు.

మొన్నటి గాలివానకి ఈ వార్డు తూర్పు కిటికీ మొత్తం పగిలిపోయింది. ఆ ఖాళీకి చెక్కలు కొట్టారు. ఆస్పత్రి సూపరింటెండెంటు, అంటే అందరూ పెద్ద డాక్టరమ్మ అనే ఆవిడ, ఎవరింట్లోనో పెంకి పని చూసి పిలిపించింది. గోడంత కిటికీ. పెంకికి రెండు రోజులు అన్నం సహించలేదు, సంతోషంతో.

తీరా వస్తే, ఇదిగో, ఈ డాక్టరు.

"సరే, సీసం లేదు," అన్నాడతను. "కానీ ఇది తూర్పు కిటికీ. నేను రౌండ్స్‌కి వచ్చే వేళకి ఎండ తిన్నగా మంచాల మీద పడుతుంది. మీ పసుపు అద్దంలోంచి పడితే బిడ్డకి కామెర్లు ఉన్నాయో లేవో నాకెలా తెలుస్తుంది? నీలం అద్దంలోంచి పడితే, ఊపిరాడక పెదాలు నీలంగా అయ్యాయో, మీ కిటికీ వల్ల అయ్యాయో ఎలా చెప్పను?"

పెంకి డిజైన్ కాగితం రెండో చంకలోకి మార్చుకుంది. జవాబు లేనప్పుడు ఊరుకునే అలవాటు ఆమెకి లేదు.

"కామెర్లున్నవాళ్లకి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. మీకు కిటికీ పెట్టకముందే కనిపిస్తోంది."

వార్డంతా గొల్లుమంది. కాలు పైకి కట్టి పడుకోబెట్టిన ఓ చిన్నది ఏమీ అర్థం కాకపోయినా చప్పట్లు కొట్టింది. మంచంలోంచే అందరి మీదా అజమాయిషీ చేస్తుందని దాన్ని హెడ్‌మిస్ట్రెస్ అంటారు.

పెద్ద డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. "అతను అడిగింది తప్పేం కాదమ్మా. ముందు మీరిద్దరూ తేల్చుకోండి. అతను ఒప్పుకుంటేనే కిటికీ."

పెంకి ఇంటికొచ్చి చెప్పులు చెరో మూలకీ విసిరింది.

"అడ్డపుల్ల డాక్టరు నాన్నా! ఏది చెప్పినా ఓ పుల్ల!"

నాన్న అద్దం తుడుస్తూనే అడిగాడు. "అతను చెప్పింది తప్పా?"

"తప్పయితే నాకింత కోపం ఎందుకొస్తుంది?"

* * *

మర్నాడు ఎండ రాకముందే పెంకి వార్డులో ఉంది. పైచెక్క ఒకటి ఊడదీయించి, ఆ సందులో చిన్న చిన్న రంగు పలకలు నిలబెట్టింది. డాక్టరు లోపలికి అడుగుపెట్టగానే అతని చేతిలో తెల్ల దుప్పటి పెట్టింది.

"చాపి పట్టుకోండి. అక్కడ, ఆ మంచం ముందు."

"నేనా? నాకు రౌండ్స్..."

"ఇక్కడ పొడుగ్గా ఉన్నది మీరొక్కరే. రంగు ఎక్కడెక్కడ పడుతుందో చూడాలి."

అతను ఏదో అనబోయి, మళ్లీ ఏమనుకున్నాడో, దుప్పటి పట్టుకున్నాడు. ఎండ వచ్చింది. దుప్పటి మీద ఓ ఎర్రటి పట్టీ పడింది. దాని పక్కన ఆకుపచ్చ. పసుపు మాత్రం గురి తప్పి అతని ముఖం మీద పడింది.

"సిస్టర్ గారూ," అంది పెంకి, "చూసి చెప్పండి. ఈ పేషెంటుకి కామెర్లున్నాయా?"

"ముదిరిపోయాయమ్మా!"

"చూశారా?" అన్నాడు డాక్టరు, పసుపుపచ్చటి ముఖంతో. "నేను చెప్పింది అదే." అని నవ్వేశాడు. నవ్వితే అతని కళ్ల చుట్టూ ఉన్న నిద్రంతా ఎక్కడికో పోయింది. పెంకి కాగితం మీద వెయ్యాల్సిన గుర్తు మరో చోట వేసింది.

"డాక్టరంకుల్, కదలకండి!" హెడ్‌మిస్ట్రెస్ అరిచింది. ఎరుపు పట్టీ దాని మంచం దాకా జరిగింది. అది అరచేతిని అందులో పెట్టి, తిప్పి, మళ్లీ పెట్టి చూసుకుంటోంది. కట్టు కట్టినప్పటినుంచీ పొద్దున్నే నొప్పని ఏడ్చే పిల్ల, ఆ పూట ఏడవడం మర్చిపోయింది.

డాక్టరు అది చూశాడు. అతను చూడటం పెంకి చూసింది.

ఆ వారంలోనే ఓ సాయంత్రం, వాన దంచికొడుతుంటే, నెత్తిన ప్లాస్టిక్ సంచీ కప్పుకుని, భుజాన గలగలమనే గోనెసంచీతో డాక్టరు వాళ్ల దుకాణం మెట్లెక్కాడు. లోపలన్నీ ఖాళీ సిరప్ సీసాలు.

"ఫార్మసీలో పారేస్తుంటే పట్టుకొచ్చా. కడగలేదు. లేబుళ్లు ఉన్నాయి."

"సంచీ మోసుకుని, తడుసుకుంటూ వచ్చారా?"

"గొడుగు పట్టుకుంటే సంచీ పట్టుకోవడానికి చెయ్యి ఉండదు కదండీ."

నాన్న తువ్వాలు ఇచ్చాడు. పెంకి టీ ఇచ్చింది. టీ అయిపోయినా అతను లేవలేదు. షెడ్డులో పలకల్ని ఒక్కొక్కటీ బల్బు వైపు ఎత్తి చూస్తూ కూర్చున్నాడు.

"వీటిల్లో బొమ్మ ఏదీ?"

"మీరూ అదే అడుగుతున్నారా?"

"తెలీక అడుగుతున్నా. తెలిస్తే ఎందుకడుగుతాను?"

అందరూ ఎగతాళిగా అడిగిన ప్రశ్నే. అతను అడిగితే మాత్రం జవాబు చెప్పాలనిపించింది. "పాత కిటికీల్లో కథ ముందే గీసేసి ఉంటుంది. బావుంటుంది, కాదనను. కానీ నెలల తరబడి మంచంలో పడుకున్న పిల్లకి రోజూ అదే కథ. నా పలకల్లో గీసిందేం లేదు. ఎండ జరిగినకొద్దీ రంగు జరుగుతుంది, గోడ మీద ఓ రకం, నేల మీద ఓ రకం. ఆ పిల్ల తన కథ తనే అల్లుకుంటుంది."

"బాగా చెప్పారు. పెద్ద డాక్టరమ్మ ముందు కూడా ఇలాగే చెప్పండి. కామెర్ల సామెత వద్దు."

"ఇంకా మర్చిపోలేదా?"

"మా నర్సులు మర్చిపోనిస్తేగా!"

* * *

పెంకి వేసిన ప్లాను ఇది. పెద్ద గాజు పలక మీద రంగు పలకల్ని గట్టి జిగురుతో అతికించాలి. రంగంతా నడుమన, మంచాల మధ్య నడవ మీద పడాలి. మంచాల వైపు అంచుల్లో తెల్ల అద్దమే. డాక్టరు అరమనసుతో సరేనన్నాడు. నమూనాగా ఒక పలక చేసి వార్డులో ఎండ తగిలే చోట నిలబెట్టారు.

మూడో రోజు, పెద్ద డాక్టరమ్మ ఎదురుగానే, అది "టప్" మంది.

ముదురు నీలం ముక్కలోంచి బీట ఒకటి బయల్దేరి పలకంతా పాకింది. వెనక అతికించిన ప్లాస్టిక్ పొర పట్టుకోవడంతో పెంకు ఊడి పడలేదు. కానీ చూసినవాళ్లందరి ముఖాలూ మాడిపోయాయి. ముదురు రంగు ఎండకి ఎక్కువ వేడెక్కుతుంది, లేత రంగు అంతగా వేడెక్కదు. రెండింటినీ గట్టి జిగురుతో ఒకే పలకకి బిగిస్తే ఒకదాన్నొకటి లాగుతాయి. పెంకికి అది తెలియక కాదు. ఈ జిగురు ఆపాటి ఓర్చుకుంటుందనుకుంది.

"కొంచెం టైమివ్వండి మేడం. వేరే జిగురు వెతుకుతాను."

పెద్ద డాక్టరమ్మ అవుననలేదు, కాదనలేదు.

పెంకి వెతికింది. చేసింది, బట్టీ సెగకి పెట్టింది, పగిలింది. మళ్లీ చేసింది. బయట వాన తెరిపి ఇవ్వడం లేదు. ఎట్టకేలకు ఆశ కలిగించిన ఓ నమూనాని గుడ్డలో చుట్టి ఆస్పత్రికి పరుగెత్తింది.

వార్డులో చెక్కలు లేవు. ఆ చోట తళతళలాడుతూ కొత్త కిటికీ. గోడంతా మామూలు తెల్ల అద్దం. పనివాళ్లు అంచులు తుడుస్తున్నారు.

"మన డాక్టరుగారే అన్నారమ్మా," హెడ్ సిస్టరు నొచ్చుకుంటూ చెప్పింది, "ముందు మామూలు అద్దం వేసెయ్యమని."

అప్పుడే వరండాలోంచి అతని గొంతు వినిపించింది. "థాంక్స్ అత్తా. ఇంత తొందరగా వేయిస్తావనుకోలేదు."

పెద్ద డాక్టరమ్మతో అంటున్నాడు! పెంకిని చూసి అక్కడికక్కడే ఆగిపోయాడు.

"అత్తా?" అంది పెంకి.

"మేనత్త. మా నాన్నగారి అక్క. ఆస్పత్రిలో మేడం అనే పిలుస్తాను, ఇప్పుడేదో..."

"ఓహో. అయితే ఇది మీ ఇంటి వ్యవహారమన్నమాట. నన్ను జిగుర్ల వెంట తిప్పి, ఇంట్లో కూర్చుని తేల్చేసుకున్నారు!"

"అది కాదండీ. చెక్కల సందుల్లోంచి వాన కొట్టి గోడంతా బూజు పట్టింది. ఉబ్బసం పిల్లలిద్దరికి ఆయాసం ఎక్కువైంది. ఇంక ఆగడానికి లేదు. నేనే అడిగాను, వెయ్యమని."

"వెయ్యొద్దని నేనెందుకంటాను? పిల్లలకి ఆయాసమని తెలిస్తే మా నాన్నే అద్దం మోసుకొచ్చి బిగించేవాడు. నాకు చెప్పలేదు మీరు. అదీ!"

"చెబితే మీరు బాధపడతారని..."

"ఇప్పుడు పడలేదా?"

అతను తల దించుకున్నాడు. "తప్పే. చెప్పాల్సింది."

ఆమెకి ఇంకా ఏదేదో అనాలనుంది. అతను తప్పు ఒప్పేసుకోవడంతో అనడానికి ఏమీ మిగల్లేదు. గుడ్డలో చుట్టిన నమూనా గుండెకి అదుముకుని వెళ్లిపోయింది.

* * *

ఆ సాయంత్రం డాక్టరు దుకాణానికి వచ్చాడు. పెంకి షెడ్డులోంచి బయటికి రాలేదు.

"మాట్లాడదట," అన్నాడు నాన్న మొహమాటంగా.

"ఫర్లేదండీ. సీసాల లేబుళ్లు ఇంకా తియ్యలేదు కదా?"

పెరట్లో కుళాయి దగ్గర పీట వేసుకుని, చొక్కా చేతులు మడిచి, తొట్టిలో నానేసి, గోళ్లతో గీకి, సీసాలు కడిగాడు. చీకటి పడ్డాక వెళ్లిపోయాడు. మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. ఒక్క సంజాయిషీ చెప్పలేదు, పెంకి ఉన్న వైపు తొంగి చూడలేదు. సీసాలు మాత్రం వరసగా, మెడలు కిందికి పెట్టి ఆరబెట్టి వెళ్లేవాడు.

"పెంకీ, ఇంత చదువుకున్న పనిమనిషిని ఎక్కడ దొరకబుచ్చుకున్నావే?" అడిగాడు నాన్న.

"నేను పెట్టుకోలేదు నాన్నా. మానమని చెప్పు."

"నువ్వే చెప్పు."

ఆమె చెప్పలేదు. మానేస్తాడేమోనని భయం. ఆ సంగతి తనకి తానే ఒప్పుకోవడానికి ఓ పూట పట్టింది.

పని మాత్రం వదల్లేదు. పెద్ద డాక్టరమ్మ వద్దని నోటితో చెప్పలేదు కదా! డాక్టరు ఓపీలో ఉండే వేళ చూసి వార్డుకి వెళ్లి, ఆ తెల్ల అద్దం ముందు నిలబడింది. అద్దం మంచిదే. పనితనం మంచిదే. ఇంక దీని మీద అతికించడమంటే మళ్లీ అదే వేడి, అదే లాగుడు, అదే బీట.

వెనకాల సర్రుమని చప్పుడైంది. హెడ్ సిస్టరు ఓ మంచం చుట్టూ కర్టెను లాగుతోంది. పైన కడ్డీ మీద కొక్కేలు జారుతున్నాయి. కట్టు మార్చడం అవగానే మళ్లీ సర్రున వెనక్కి లాగేసింది.

"సిస్టర్ గారూ, ఇంకోసారి లాగండి!"

"ఎందుకమ్మా?"

"దణ్ణం పెడతా, ఇంకోసారి!"

సాయంత్రం ఆమె ఇల్లు చేరేటప్పటికి అతను కుళాయి దగ్గరే ఉన్నాడు. మోచేతుల దాకా నురగ.

"ఆ సీసా అక్కడ పెట్టండి. ఇటు రండి."

అన్ని రోజుల తర్వాత ఆమె అతనితో అన్న మొదటి మాట అది. అతను సీసా పెట్టడం మర్చిపోయి దాంతోనే వచ్చాడు.

పెంకి సుద్దముక్క తీసుకుని నేల మీదే గీసింది. "ఎందుకండీ అతికించడం? తెల్ల అద్దం దారి దానిది. దానికి జానెడు ఇవతల కడ్డీలు వేస్తాం. ఒక్కొక్క రంగు పలకా విడివిడిగా కొక్కేనికి వేలాడుతుంది. నీలం వేడెక్కితే ఎక్కనీ, పక్కదాన్ని లాగదు. మధ్యలో గాలి ఆడుతుంది. మీరు రౌండ్స్‌కి రాగానే సిస్టరు కర్రతో పలకలన్నీ పక్కకి జరిపేస్తారు, కర్టెను జరిపినట్టే. వార్డంతా తెల్లటి వెలుతురు. మీరు వెళ్లాక మళ్లీ రంగులు."

అతను సీసా పట్టుకునే ఆ గీతల మీదికి వంగాడు.

"కొక్కెం ఊడితే?"

"ఒక్కో పలకకి రెండు కొక్కేలు. వెనక పొర. పగిలినా పెంకు రాలదు."

"కట్టు విప్పాక హెడ్‌మిస్ట్రెస్ మంచమెక్కి లాగితే?"

"కింది అంచు మీ తల కన్నా ఎత్తు."

"దుమ్ము పడితే? ఇన్ఫెక్షన్..."

"ఒక్కోటీ దింపి కడగొచ్చు. మీకు కడగడం బాగా వచ్చు కదా! అయిపోయాయా పుల్లలు?"

"ఒక్కటుంది."

"అడగండి."

"నీలం కొంచెం ఎక్కువ పెట్టండి."

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది.

"మీరు ఆ తెల్ల అద్దం వేయించకపోతే నాకీ సంగతి తట్టేది కాదు," అంది తర్వాత. "అయినా కోపం పోలేదు. ఇంకెప్పుడైనా నేను బాధపడతానని చెప్పకుండా దాచారంటే..."

"దాచను. ఎంత కష్టమైన మాటైనా ముందు మీకే."

* * *

పలకలు బిగించిన రోజు సూర్యుడు మొహం చాటేశాడు. నాన్న నిచ్చెనెక్కి కడ్డీలు బిగించాడు, పెంకి పలకలు వేలాడదీసింది. కింద పిల్లలూ తల్లులూ మెడలు నిక్కించి చూస్తున్నారు. మబ్బు వెలుతుర్లో రంగులు పాత గుడ్డల్లా ఉన్నాయి.

"ఇంతేనా?" అంది పెద్ద డాక్టరమ్మ.

"ఇంతే కాదు మేడం. ఎండ రావాలి."

మర్నాడూ మబ్బే. ఆ తర్వాతా మబ్బే. పెంకి రోజూ పొద్దున్నే వచ్చి, కిటికీ పక్క స్టూలు మీద కూర్చుని, తూర్పుకేసి చూసి వెళ్లేది. ఎవరేమన్నా ఒకటే మాట. "రేపు చూడండి."

అలాంటి ఓ పొద్దున, డాక్టరు రౌండ్స్ మొదలుపెట్టబోతుండగా సిస్టరు కర్ర చేతిలోకి తీసుకుంది. అప్పుడు మబ్బు విడింది.

ముందు ఎదుటి గోడ మీద నీలం. దాని కిందికి సిరప్ సీసాల తేనెరంగు జారింది. ఆకుపచ్చ నడవలో పొడవాటి చాపలా పరుచుకుంది. ఉబ్బసం పిల్లాడి తల్లి బిడ్డని ఎత్తుకుని దాని మీద నడిచింది. హెడ్‌మిస్ట్రెస్ తనకి అందనిదాని కోసం చెయ్యి చాపి, "నా వైపు! నా వైపు జరపండి!" అని కేకలు పెట్టింది.

సిస్టరు కర్ర ఎత్తింది. "జరిపెయ్యమంటారా డాక్టర్?"

డాక్టరు వార్డంతా ఓసారి చూశాడు. ఏ బిడ్డా ఆయాసపడటం లేదు, ఎవరికీ తొందర లేదు.

"రౌండ్స్ ఓ పది నిమిషాలాగి చేద్దాం సిస్టర్," అన్నాడు.

స్టూలు మీద పెంకికి ఆ మాటతో కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్ని పలకలు పగిలినా ఏడవని మనిషి!

పెద్ద డాక్టరమ్మ ఎప్పుడొచ్చిందో, గుమ్మంలో నిలబడి ఉంది. తెల్లకోటు మీద నీలం మరక. సిస్టరు దగ్గర కర్ర తీసుకుని, పలకల్ని పక్కకి జరిపింది. వార్డు తెల్లబడింది. వెనక్కి జరిపింది, రంగులు వచ్చాయి. మళ్లీ జరిపింది. ఆటబొమ్మ దొరికినట్టు ఇంకోసారి కూడా.

"మెట్ల దగ్గర కిటికీ కూడా ఇలాగే చేస్తావామ్మా?" అడిగింది పెంకిని. తర్వాత మేనల్లుడి పక్కనుంచి వెళ్తూ, ఆస్పత్రి అన్నది పక్కనపెట్టి, మెల్లిగా అంది. "ఒరేయ్, నీ గోళ్ల నిండా ఆ లేబుళ్ల జిగురేమిట్రా? ఎవరి కోసమో నాకు తెలుసులే. తొందరగా అడిగేడువు."

* * *

ఆ ఆదివారం నాన్న దుకాణం ముందు కుర్చీలో కూర్చుని ఉండగా డాక్టరు వచ్చాడు. ఈసారి సంచీ లేదు. చొక్కా ఇస్త్రీ చేసి ఉంది.

"డాక్టరు గారూ, ఓ మాట అడుగుతాను, ఏమీ అనుకోవద్దు," అన్నాడు నాన్న. "కిటికీ అయిపోయింది. సీసాలూ అయిపోయాయి. మీరు వస్తున్నది అద్దాల కోసమా, మా అమ్మాయి కోసమా?"

"అద్దం మా ఇంట్లో ఒకటుందండీ. గడ్డం గీసుకోవడానికి అది చాలు."

నాన్న పెదాలు బిగబట్టాడు, నవ్వు రాకుండా.

"మా అత్త రేపు మీతో మాట్లాడటానికి వస్తానంది. ముందు నేను మిమ్మల్ని అడగాలని..."

"నన్నడిగి లాభం లేదు నాయనా. అది కావాలంటే నేను వద్దన్నా ఆగదు, వద్దంటే నేను కాళ్లు పట్టుకున్నా ఒప్పుకోదు. నా మటుకు నాకు మీరంటే ఇష్టమే. పెరట్లో కుళాయి దగ్గరే ఆ సంగతి తేలిపోయింది. లోపలుంది, వెళ్లండి."

షెడ్డులో పెంకి బల్ల మీదికి వంగి ఉంది. పొడవాటి నీలం పలక, చేతిలో గాజు కోసే కలం. వాళ్ల మాటలన్నీ విన్నదని చెవులు ఎర్రబడటం చూస్తేనే తెలుస్తోంది.

"నేను..." మొదలుపెట్టాడు డాక్టరు.

"కోస్తున్నప్పుడు మాట్లాడించకండి. గీత మధ్యలో చెయ్యి ఆగితే పలక పాడవుతుంది."

అతను నోరు మూసుకున్నాడు. కలం సన్నగా కీచుమంటూ పలక మీద సాగింది. వంపు తిరిగింది. ఇంకో వంపు తిరిగింది. అంత పొడుగు గీత ఆమె ఏనాడూ గీయలేదు. అతను కదలకుండా, గోడకి ఆనుకోకుండా, ఊపిరి కూడా నెమ్మదిగా పీలుస్తూ నిలబడ్డాడు. చివరికి కలం అవతలి అంచు చేరింది. ఆమె పలకని రెండు చేతులతో పట్టుకుని చిన్నగా వంచింది. టక్కుమని, గీసిన గీత వెంటే, శుభ్రంగా రెండయింది.

రెండు ముక్కలూ జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, చేతులు తుడుచుకుని, అతని వైపు తిరిగింది.

"ఇప్పుడు అడుగు," అంది.

అడిగాడు.

"ఊఁ" అంది పెంకి. బయట కుర్చీలో నాన్నకి కూడా వినపడేంత గట్టిగా.